మంచినీళ్ళు ముట్టనన్న మాట

క్లచ్ మాస్టారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయిందంటే సగం మంది నమ్మలేదు. కాలు పోయిందంటే నమ్మేవాళ్ళు, చెయ్యి పోయిందన్నా నమ్మేవాళ్ళు. నోరు పోయిందనేసరికి, "ఆయనకా? ఇంకెవరికో అయ్యుంటుంది, సరిగ్గా కనుక్కోండి" అన్నారు. డ్రైవింగ్ స్కూలు పెట్టిన నాటి నుంచీ పక్క సీట్లో కూర్చుని "క్లచ్! క్లచ్ తొక్కవయ్యా మహానుభావా!" అని అరిచి అరిచి ఆ పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు బండి నడపడం మర్చిపోయారేమో గానీ ఆ తిట్లు మాత్రం మర్చిపోలేదు.

నిజంగానే పోయింది. కుడి చెయ్యీ కుడి కాలూ సగం, మాట దాదాపు పూర్తిగా. దాదాపు అని ఎందుకనాలంటే ఒక్క ముక్క మిగిలింది. ఏం చెప్పబోయినా "మంగళవారం" అని వస్తోంది. లోపల మాట తిన్నగానే తయారవుతుంది, "అక్కా, కాస్త కిటికీ తెరువు" అని. పెదాల దాకా వచ్చేసరికి మంగళవారం అయిపోతుంది. అన్ని వారాలుండగా అదే ఎందుకు మిగిలిందో ఆయనకీ తెలీదు, డాక్టర్లకీ తెలీదు. ఎడమ చేతికి పెన్నిస్తే కాగితం మీద గీతలు తప్ప అక్షరం పడటం లేదు. వినడం, అర్థం చేసుకోవడం మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. అన్నీ తెలుస్తాయి, ఒక్కటీ చెప్పలేడు.

ఆసుపత్రి నుంచి పంపించేసే రోజు పొద్దున్నే ముక్కులోంచి గొట్టం తీసేశారు. అప్పటిదాకా పాలూ నీళ్ళూ మందులూ అన్నీ దాన్లోంచే. ఇక నోటితోనే తినొచ్చని చెప్పి, అక్కని కింద మందుల కొట్టుకి పంపారు. రోగి తరఫు మనిషి పొద్దస్తమానం మంచం పక్కనే కూర్చుంటే ఒక్కరూ తొంగిచూడరు. చీటీ పట్టుకుని మెట్లు దిగగానే ముఖ్యమైనవాళ్ళంతా వస్తారు. ఏ ఆసుపత్రిలోనైనా ఇదే తంతు. ఆ రోజు మింగడం నేర్పించే మేడం అలాగే వచ్చింది.

ఆవిడ మాస్టారిని లేపి కూర్చోబెట్టి, గడ్డం గుండెకి ఆనించుకుని మింగమని చిక్కటి జావలాంటిదేదో చెంచాతో పెట్టింది, దిగింది. మామూలు నీళ్ళు ఒక్క చెంచాడు పోసింది. మాస్టారికి దగ్గొచ్చి కళ్ళు బయటికొచ్చాయి. ఆవిడ తలూపుకుని, "అనుకున్నాను" అంది. తరవాత చుట్టూ చూసింది.

పక్క మంచం మీద తుంటి ఎముక విరిగిన పెద్దాయన ఉన్నాడు. ఆయన అల్లుడు రెండు మంచాల మధ్య స్టూలు వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు. మర్యాదస్తుడు పాపం, ఎవరేం చెప్పినా ముందు తలూపి తరవాత ఆలోచించే రకం. అత్తారింట్లో ఏళ్ళ తరబడి అబ్బిన విద్య అది.

"మీరు ఈయన తాలూకేనా?" అంది మేడం.

ఈయన అంటే మామగారేననుకుని అల్లుడు తలూపాడు.

"బాగా వినండి. పల్చనివేవీ ఇవ్వకూడదు. నీళ్ళు, పాలు, టీ ఏవీ. గొంతు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ప్రాణం మీదికొస్తుంది. ఇదిగో పొడి. నీళ్ళలో కలిపి, చెంచా వంచితే మెల్లగా జారేలా చిక్కగా చేసి ఇవ్వండి. మళ్ళీ మేం చూసి సరేననేదాకా అంతే. అర్థమైందిగా?"

అల్లుడు మళ్ళీ తలూపి, పొడి పొట్లం అందుకుని తన సంచిలో వేసుకున్నాడు. మాస్టారు మంచం మీద గింజుకున్నాడు. వాడు నా మనిషి కాడమ్మా, నా మనిషి కిందికెళ్ళింది, ఇప్పుడే వస్తుంది, ఒక్క నిమిషం ఆగు. ఇంత ఉంది చెప్పాల్సింది.

"మంగళవారం! మంగళవారం!" అన్నాడు.

"మంగళవారం చూపించుకుంటారా? అలాగే రండి" అని మేడం ఆయన భుజం తట్టి వెళ్ళిపోయింది.

అక్క మందులతో వచ్చేసరికి నర్సులు డ్యూటీ మారుతున్నారు. కొత్త నర్సు ఫైలు చేతిలో పెట్టి, "అన్నీ చెప్పారుగా?" అంది. ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో కొట్లో చెప్పారు కాబట్టి, "చెప్పారమ్మా" అంది అక్క. ఫైల్లో ఆహారం అన్న చోట 'చెప్పిన ప్రకారం' అని ఉంది. అక్క అది చదివి, "ఏం చెప్పిన ప్రకారం?" అని అడగనే అడిగింది.

"మీకు చెప్పిందేనండీ" అంది నర్సు, ఇంకో ఫైలు వెతుక్కుంటూ.

అలా మాస్టారు అక్క ఇంటికొచ్చాడు. డ్రైవింగ్ స్కూలు మీద గది ఒక్కటే ఆయన ఇల్లు. అక్కడ ఆయన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళెవరూ లేరు. పెళ్ళి చేసుకోలేదు. నా నోటికి ఎవత్తి తట్టుకుంటుందని తనే నవ్వేవాడు. అక్కా ఒంటరిదే. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని కిటికీ తెరలు కుట్టి ఇస్తుంది. తమ్ముడి మంచం ఆ గదిలోనే వేసింది, కళ్ళ ముందుంటాడని.

ఆ ఇంటి గడప లోపల ఆయన పడుకుని ఎన్నేళ్ళయిందో. వెనకటికి బావ కొత్త కారు కొన్నాడు, మాస్టారే నేర్పాడు. బావ వెనక్కి తీస్తూ సొంత గేటుకే గుద్దాడు. ఇంటి నిండా చుట్టాలున్నారు. "మా బావకి స్టీరింగు కన్నా గరిటె నయం" అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు, బావ మొహం మాడిపోయింది. "నీ నోటికి బ్రేకు లేదురా" అని అక్క మొగుడి పక్కన నిలబడింది. అంతే, ఈయనకి రోషం పొడుచుకొచ్చింది. "అయితే ఈ ఇంట్లో ఇక మంచినీళ్ళు కూడా ముట్టను" అని చెప్పులేసుకున్నాడు. మాట చిన్నది, తగులుకున్న మనిషి మొండివాడు. బావ పోయిన రోజు వచ్చాడు గానీ గేటు బయటే ఎండలో నిలబడ్డాడు. అంత ఏడుపులోనూ అక్క గ్లాసుతో నీళ్ళు తెచ్చి చెయ్యి చాచింది. తీసుకుంటే నలుగురిలో ఓడిపోయినట్టని తల తిప్పుకున్నాడు. ఆ తరవాత తన గదిలో ఒక్కడూ అన్నం తింటూ దాని గురించి తల్చుకోని రోజు లేదు. పోయి చెప్పుకోవచ్చు. రేపు, ఎల్లుండి అనుకున్నాడు. నోరున్నన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు నోరు లేదు.

అక్క ఆయన్ని దిండ్లానించి కూర్చోబెట్టి జావ తినిపించింది. చిక్కగా కాచింది కాబట్టి బుద్ధిగా తిన్నాడు. మాత్రలు నీళ్ళతో వెయ్యబోతే ఎడమ చేత్తో లాక్కుని జావలో గుచ్చి మింగాడు. ఆఖర్న నీళ్ళ గ్లాసు పట్టింది. మాస్టారు పెదాలు బిగించి తల తిప్పుకున్నాడు.

అక్క చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏం గుర్తొచ్చిందో ఆయనకి తెలుసు. ఆయనకీ అదే గుర్తొచ్చింది.

"తాగరా, నోరు కడిగినట్టన్నా ఉంటుంది" అంది, ఏమీ ఎరగనట్టు.

"మంగళవారం."

"మంగళవారం దాకా తాగవా?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

సాయంత్రం టీ తెచ్చింది. తల తిప్పుకున్నాడు. పాలు తెచ్చింది, అంతే. జావ తింటున్నాడు, మెత్తటి అన్నం తింటున్నాడు, నీళ్ళు మాత్రం ముట్టడం లేదు. మాస్టారు తన తంటాలు తను పడ్డాడు. గ్లాసు చూపించి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దాడు. చిక్కగా, జిగురుగా అని చెప్పడం. అక్క ఆ వేళ్ళకేసి చూసింది.

"డబ్బా? నీ దగ్గర డబ్బు తీసుకోవడానికి తెచ్చుకున్నాననుకుంటున్నావా నిన్ను?"

"మంగళవారం! మంగళవారం!"

"అరవకు. అర్థమైంది."

ఏం అర్థమైందో ఆ భగవంతుడికే తెలియాలి. మిషన్ దగ్గరికెళ్ళి కూర్చుని తెర అంచు కుట్టడం మొదలెట్టింది. మాస్టారు ఆమె వీపుకేసి చూస్తూ పడుకున్నాడు. పక్క సీట్లో కూర్చున్నన్నాళ్ళూ ఆయన కాళ్ళ కింద ఇంకో బ్రేకుండేది. నేర్చుకునేవాడు ఏ లారీ కిందికి పోనిస్తున్నా తను తొక్కితే బండి ఆగేది. ఇప్పుడు అన్నీ కనబడుతున్నాయి, కాలి కింద ఏమీ లేదు. ఇంత భయం ఆయన ఏ రోడ్డు మీదా పడలేదు.

ఎవరైనా వస్తే బాగుండునని గుమ్మంకేసి చూసేవాడు. మర్నాడు పొద్దున పాత విద్యార్థులు ఇద్దరు ముగ్గురు వచ్చారు. మాట్లాడని మాస్టారితో ఏం మాట్లాడాలో తెలీక, గోడ మీది గడియారం చూసుకుని లేచిపోయారు. అక్క పని చేసుకుంటూ తనలో తనే మాట్లాడుకునేది. "ఈ గుడ్డ ముడుచుకుపోతుంది, ముందే తడపాల్సింది" అని కత్తెరతోనూ, "ఎక్కడ చచ్చావ్?" అని సూదితోనూ. ఒక్కతే ఉండి ఉండి అలవాటైన మాటలవి. తను అలిగి దూరంగా కూర్చున్నన్నాళ్ళూ ఈ ఇంట్లో సంభాషణ ఇదన్నమాట అనుకున్నాడు మాస్టారు. ఆయనకి చాలా సిగ్గేసింది.

రెండు పూటలు, మూడు పూటలు గడిచాయి. నాలుక పిడచకట్టింది. పెదాలు పగిలాయి. మూత్రం ముదురు రంగులో వస్తోంది. అది చూసి అక్కకి కంగారు పుట్టి ఆసుపత్రికి ఫోన్ చేసింది. దానికి ఒకటి నొక్కండి, దీనికి రెండు నొక్కండి అని ఓ గొంతు చెప్పింది. ఏది నొక్కినా కాసేపు పాట వినిపించింది. చివరికెవరో దొరికారు. మాస్టారు ఊపిరి బిగబట్టి విన్నాడు. ఇప్పుడైనా ఒక్కరు ఫైలు తెరిస్తే చాలు.

"నీళ్ళు తాగడం లేదండీ మా తమ్ముడు. బొత్తిగా ముట్టడం లేదు" అంది అక్క.

"పేషెంట్లు అలాగే మారాం చేస్తారమ్మా. ఎలాగోలా తాగించండి, లేకపోతే నీరసపడిపోతారు" అంది అవతలి గొంతు. పేరడగలేదు, ఏ జబ్బో అడగలేదు.

అక్క ఫోన్ పెట్టేసి గ్లాసు తెచ్చింది. "విన్నావుగా. తాగించమన్నారు." మాస్టారు తల తిప్పుకున్నాడు. గ్లాసు అటు తిప్పింది, ఆయన ఇటు తిప్పుకున్నాడు. గడ్డం పట్టుకోబోయింది, ఎడమ చేత్తో తోసేశాడు. నీళ్ళు పక్క మీద ఒలికాయి.

అక్క మంచం పట్టె మీద కూలబడి ఏడ్చింది. పెద్దగా, దాచుకోకుండా ఏడ్చింది.

"అంత పంతమేమిటిరా నీకు? నా చేతి అన్నానికి లేని దోషం నీళ్ళకేం వచ్చింది? ఆయన పోయిన రోజు గ్లాసు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. అందరూ చూశారు. పోనీలే, మగాడు, మాట మీద నిలబడ్డాడనుకున్నాను. చచ్చేదాకా నిలబడతావా? నా ఇంట్లో, నా కళ్ళ ముందు, ఎండిపోయి చస్తావా?"

మాస్టారు గొంతులో ఎన్ని మాటలు తోసుకొచ్చాయో. అది కాదక్కా. అది ఎప్పుడో పోయింది. నోరు తెరిస్తే ఏమొస్తుందో తెలుసు కాబట్టి తెరవలేదు. అక్క కళ్ళు తుడుచుకుని, గ్లాసు ఖాళీ చేసి, అదే గ్లాసు పట్టుకుని బయటికెళ్ళింది. వీధి అవతల తలుపు కొట్టిన చప్పుడు, ఏవో మాటలు వినబడ్డాయి. నిండు గ్లాసుతో తిరిగొచ్చింది.

"ఇవి ఎదురింటి నీళ్ళు. అడుక్కొచ్చాను. మా ఇంటివి కావు కాబట్టి నీ మాట పోదు. తాగు."

ఆ వయసులో, ఆ ఇంటి యజమానురాలు, తమ్ముడికి పట్టడానికి ఎదురింట్లో మంచినీళ్ళు అడుక్కొచ్చింది. ఏమని అడిగిందో, వాళ్ళేమనుకున్నారో. మాస్టారు గ్లాసుకేసి చూశాడు, అక్క మొహంకేసి చూశాడు. మేడం చెప్పింది ప్రతి అక్షరం గుర్తుంది. దారి తప్పి పోతాయి, ప్రాణం మీదికొస్తుంది. తాగకపోతే ఈమె ఇలాగే అనుకుంటుంది, తను పోయాక కూడా ఇలాగే అనుకుంటుంది. దాన్ని సరిదిద్దడానికి ఆయన దగ్గర ఒక్క మాటా లేదు, ఇదొక్కటే ఉంది.

ఎదురింటి గ్లాసుని ఎడమ చేత్తో మెల్లగా పక్కకి జరిపాడు. అక్క మొహం పాలిపోయింది. అప్పుడు వేలెత్తి వంటింటి గుమ్మంలోంచి కనబడుతున్న నీళ్ళ బిందె చూపించాడు. ఆమెకి వెంటనే తెలియలేదు. మళ్ళీ చూపించాడు. బిందె, తన నోరు.

"మా నీళ్ళా?" అంది అక్క.

బిందెలో ముంచి తెచ్చింది. మాస్టారు మేడం చేయించినట్టే గడ్డం గుండెకి ఆనించుకుని చిన్న గుక్క మింగాడు. ఎన్నో ఏళ్ళ తరవాత ఆ ఇంటి నీళ్ళు. ఎండిన నోటికి ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేం. రెండో గుక్క కూడా దిగింది. మూడోది దారి తప్పింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి కళ్ళు తిరిగాయి.

"పొలమారింది, పొలమారింది" అని అక్క నెత్తి మీద తట్టింది. ఏడుస్తూనే నవ్వుతోంది. "ఎవరో తల్చుకుంటున్నారురా నిన్ను!"

ఎవరు తల్చుకుంటారు నన్ను అనుకున్నాడు మాస్టారు. ఉన్నదానివి నువ్వొక్కదానివే, ఎదురుగానే ఉన్నావు.

ఆ పూట నుంచీ అక్క కాలు నేల మీద నిలవలేదు. గంటకోసారి గ్లాసు తెస్తుంది, తాగినంతసేపూ మురిసిపోతూ చూస్తుంది, దగ్గినప్పుడల్లా నెత్తిన తడుతుంది. మిషన్ తొక్కుతూ కూనిరాగం తీస్తుంది. మాస్టారికి వద్దనే ధైర్యం లేకపోయింది. తాను ఇచ్చిన సంతోషాన్ని తానే ఎలా లాక్కుంటాడు? వీలైనంత తక్కువ మింగేవాడు, కొంత దిండు మీదికి వదిలేసేవాడు. మర్నాటికి ఒళ్ళు వెచ్చబడింది. రొమ్ములో గరగరమంటోంది. నీళ్ళు పడక జలుబు చేసిందంటూ అక్క ఇంకో గ్లాసు కాచి తెచ్చింది.

గ్లాసు నోటి దాకా వచ్చినప్పుడు ఫోన్ మోగింది. ఆసుపత్రిలో పక్క మంచం అల్లుడు. పరిచయాలయినప్పుడు నంబర్లిచ్చుకున్నారు. అక్క ఓ చేత్తో గ్లాసు పట్టుకుని, ఫోన్ మంచం మీద పెట్టి గట్టిగా వినబడేలా చేసింది.

"అక్కయ్యగారూ, బాగున్నారా? మీ తమ్ముడు ఆ జిగురు నీళ్ళు తాగుతున్నాడాండీ? మా మామగారితో చస్తున్నాను. గ్లాసు మొహాన కొట్టాడు. ఇవి నీళ్ళా, గోడకి పోస్టర్లంటించే మైదా జిగురా అని ఒకటే తిట్లు. వీధి చివరిదాకా వినబడుతున్నాయి."

"జిగురు నీళ్ళేమిటి బాబూ?"

"అదేనండీ, మేడం మాకు పొడి ఇచ్చింది, మీకూ ఇచ్చే ఉంటుందిగా. పల్చటి నీళ్ళిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, గొంతు స్వాధీనంలో లేదు..." అల్లుడి మాట నెమ్మదించింది. తలూపడం అయిపోయి ఆలోచించడం అప్పుడు మొదలైనట్టుంది. "మా మామగారికి విరిగింది తుంటి కదండీ. గొంతు బాగానే ఉందే." అవతల పొడి పొట్లం తీసిన చప్పుడైంది. "అక్కయ్యగారూ... ఆవిడ నిలబడింది మీ తమ్ముడి మంచం దగ్గర. మీకెవరూ చెప్పలేదా?"

అక్క గ్లాసు కింద పెట్టింది. పెట్టిందో పడేసిందో, నీళ్ళు నేల మీద పారాయి. ఫోన్లో అల్లుడు ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె తమ్ముడి నుదుటి మీద చెయ్యేసింది, కాలిపోతోంది. వంగి రొమ్ము మీద చెవి పెట్టింది. మెల్లగా తలెత్తింది.

"ఆవిడ చెప్పినప్పుడు నువ్వు విన్నావు" అంది. "అందుకా తాగనన్నావు?"

తలూపాడు.

"మరి తెలిసీ ఎందుకు తాగావురా?"

ఆయన దగ్గర జవాబుంది. మొదటినుంచి చివరిదాకా వరసగా, ఒక్క అక్షరం పొల్లు పోకుండా ఉంది. అక్క మొహంలోకి చూశాడు. ఆమె అడిగిన మాట పూర్తయ్యేలోపే ఆమెకే తెలిసిపోయింది. నెత్తి మీద తట్టిన చేత్తోనే భుజం మీద ఒక్కటి కొట్టింది. తరవాత ఆ భుజానికే తల ఆనించి, "వెధవా, వెధవా" అంది.

ఆటో దొరికింది. ఆసుపత్రిలో చక్రాల మంచం మీదికి మార్చారు. తలుపు దగ్గర ఒక నర్సు అక్క చేతికి చీటీ అందించింది.

"లోపల డాక్టరు చూస్తారు. ఈలోపు మీరు కిందికెళ్ళి ఫైలు చేయించుకురండి."

అక్క కదలబోయింది. కదల్లేకపోయింది. మాస్టారి ఎడమ చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుని ఉంది. ఒంట్లో మిగిలిన బలమంతా ఆ అయిదు వేళ్ళలోకి వచ్చింది.

"వదలండి బాబూ, ఆవిడ ఇప్పుడే వస్తారు" అంది నర్సు. వేళ్ళు విప్పబోయింది. రాలేదు.

"వదలడమ్మా" అంది అక్క. "నేను దిగుతానా, మీరు ఎవరికో చెప్పేసి పోతారు. ఫైలు తరవాత చేయించుకుంటాను. ఈయనకి చెప్పాల్సినదంతా నాకు చెప్పండి. ఈయన తాలూకు మనిషిని నేనే, ఇంకెవరూ లేరు."

నర్సు ఇద్దర్నీ ఒకసారి చూసి, తలుపు రెండో రెక్క కూడా తెరిచింది. మంచం వెనకే అక్క కూడా లోపలికెళ్ళింది. డాక్టరు వచ్చి మాట్లాడటం మొదలుపెట్టాక, అక్క ప్రతి మాటా తిరిగి పైకి చెప్పుకుంటూ వింటుంటే, మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.